ఊపిరి గీత, గుండె గీత: ఒక కొలత పరికరం డైరీ

ఏప్రిల్ ఆఖరు

మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని నెమ్మదిగా, నిండుగా ఊపిరి పీల్చి వదలండి. పీలుస్తున్నంతసేపూ నాడి తొందరపడుతుంది. వదులుతుంటే నిదానిస్తుంది. వయసులో ఉన్నవాళ్లకి వేలికే తెలిసిపోతుంది, పెద్దవాళ్లకి యంత్రం కావాలి. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ తాను తయారుచేసిన తిరిగే డ్రమ్ము మీద కుక్క నాడిలో వచ్చే ఈ ఎక్కువతక్కువల్ని గీతగా పట్టుకున్నాడు. వైద్య పుస్తకాల్లో దీని పేరు రెస్పిరేటరీ సైనస్ అరిత్మియా. ఇది జబ్బు కాదు. కనిపించకపోతేనే ఆలోచించాలి.

నేను విజయవాడలో పాలిటెక్నిక్ విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మా మేనమామకు షుగరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కొన్నాళ్లుగా అరికాళ్ల మంటలు, పొద్దున్నే మంచం దిగగానే కళ్లు తిరగడం. షుగరు కాళ్ల నరాల్ని తిన్నట్టే గుండెకు వెళ్లే నరాల్నీ తింటుందని, దాన్ని లోతైన ఊపిరితో పరీక్షించవచ్చని చదివాక ఈ పని మొదలుపెట్టాను. 1973లోనే ఇంగ్లండులో వీలర్, వాట్కిన్స్ అనే వైద్యులు, షుగరు ముదిరి నరాలు దెబ్బతిన్నవాళ్లలో గుండె ఊపిరిని అనుసరించడం మానేస్తుందని చూపించారు. ఖరీదైన యంత్రం ఏమీ అక్కర్లేదు. ఈసీజీ, ఊపిరి, రెండూ ఒకే గడియారం మీద నమోదైతే చాలు.

ఒకే గడియారం అన్నది ఈ ప్రాజెక్టులో నేను అస్సలు రాజీపడని షరతు. గుండె గీత ఒక ఫోనులో, ఊపిరి గీత ఇంకో పెట్టెలో రికార్డు చేసి తర్వాత పక్కపక్కన అతికిస్తే అర సెకను అటూ ఇటూ అవుతుంది. మనిషి పీల్చే సమయమే రెండు సెకన్లు. అందులో అర సెకను పోతే ఇంక మిగిలేదేముంది?

మే మొదటి వారం

ఈసీజీకి ఏడీ8232 చిప్పు ఉన్న చిన్న బోర్డు తీసుకున్నాను. మూడు స్టిక్కర్లు, ఒక లీడు (అంటే గుండెను ఒక్క కోణం నుంచి చూపే గీత), 3.3 వోల్టులు. గుండె కండరం సంగతంతా చెప్పాలంటే పన్నెండు లీడ్లు కావాలి గానీ, నాకు కావలసింది ప్రతి దెబ్బకీ గీతలో లేచే ఆర్ అనే నిటారు శిఖరం ఎప్పుడు వచ్చిందన్నదే. దానికి ఇది చాలు. స్టిక్కర్లు సర్జికల్ షాపులో దొరుకుతాయి. రెండు భుజాల కింద రెండు, పొట్టకు పైన పక్కటెముకల చివర ఒకటి. ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. మే నెల చెమట మీద అంటిస్తే గీత ఊగుతూనే ఉంటుంది.

బుర్రకి ఈఎస్‌పీ32. అది చిన్న కంప్యూటరు చిప్పు. వోల్టేజిని అంకెలుగా మార్చే ఏడీసీ దానిలోనే ఉన్నా, అది కింది అంచులోనూ పై అంచులోనూ సరిగ్గా చూపదు కాబట్టి ఈసీజీని ఏడీఎస్1115 అనే విడి ఏడీసీ చిప్పు ద్వారా తీసుకుంటున్నాను. 16 బిట్లు, సెకనుకు 860 దాకా నమూనాలు తీయగలదు. నేను ఈసీజీకి సెకనుకు 250, ఊపిరికి 25 పెట్టుకున్నాను. 250 అంటే రెండు నమూనాల మధ్య 4 మిల్లీసెకన్లు. ఆర్ శిఖరం దగ్గర మూడు బిందువులు తీసుకుని వాటి గుండా పారాబోలా గీస్తే శిఖరం అసలు చోటు ఇంకా దగ్గరగా తెలుస్తుంది. తేడాలు బాగా చిన్నగా ఉండే మనుషుల దగ్గర ఈ శ్రమ అక్కరకొస్తుంది.

ఇది చదివి ఎవరైనా కట్టాలనుకుంటే ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఒంటికి ఎలక్ట్రోడ్లు ఉన్నంతసేపూ పరికరానికి గోడ కరెంటుతో ఏ సంబంధమూ ఉండకూడదు. పవర్ బ్యాంకు మీద నడవాలి, లెక్కలన్నీ ఎస్‌డీ కార్డులోకి పోవాలి. ఛార్జరు గుచ్చి ఉన్న ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ తీగ కలిపి, ఇటువైపు మనిషికి స్టిక్కర్లు అంటించడం మా విద్యార్థుల్ని నేను చేయనివ్వను. నాసిరకం ఛార్జరు లోపల ఇన్సులేషను పోతే 230 వోల్టులకీ ఛాతీకీ మధ్య అడ్డేమీ ఉండదు. బ్యాటరీ మీద నడిపితే గోడ కరెంటు వల్ల గీతలో చేరే 50 హెర్ట్జ్ రొద కూడా చాలావరకు తగ్గిపోతుంది.

మే మూడో వారం

ఊపిరి పట్టుకోవడానికి అన్నిటికంటే చవకైన దారి థర్మిస్టరు. 10 కిలో ఓముల చిన్న పూసను మాస్కు లోపల ముక్కు కింద అంటించాలి. వదిలే గాలి వెచ్చన, పీల్చే గాలి చల్లన. వేడికి పూస నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. ప్రపంచమంతా నిద్ర పరీక్షల్లో వాడుతున్న పద్ధతే.

మే నెల విజయవాడ సంగతి వేరు. ముక్కులోంచి బయటికొచ్చే గాలి దాదాపు 34 డిగ్రీలు. తెల్లవారుజామున గది 29లో ఉన్నప్పుడు కొలిస్తే గీత అందంగా వచ్చింది, ఎత్తుపల్లాలు ఎంతో స్పష్టం. ఎండెక్కేకొద్దీ అదే మనిషికి, అదే పూసకి, ఎత్తు తగ్గుతూ వచ్చింది. పదకొండింటికి గది 34 దాటుతుంటే గీత దాదాపు సాపు. మధ్యాహ్నం రెండింటికి గదిలో 37. అప్పుడు గీత మళ్లీ లేచింది, కాకపోతే తలకిందులుగా! పీల్చినప్పుడు పూస వేడెక్కుతోంది, వదిలినప్పుడు చల్లబడుతోంది. బయటి గాలి ఒంట్లోంచి వచ్చే గాలికంటే వేడిగా ఉంటే జరగాల్సింది అదే. ఆ ఫైలును గది ఉష్ణోగ్రత తెలియనివాళ్ల చేతిలో పెడితే, ఈ మనిషికి ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం పెరుగుతోందని రాసేస్తారు.

ఏసీ పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకున్నా ఇంకో చిక్కుంది. పూసకు వేడెక్కడానికీ చల్లారడానికీ టైము పడుతుంది. నెమ్మదిగా తేరుకునే రకమైతే గీత ఒకటి రెండు సెకన్లు వెనకబడుతుంది. ఊపిరి ఉందా లేదా అని మాత్రమే చూడటానికి పనికొస్తుంది గానీ, ఊపిరిలో ఏ క్షణాన గుండె తొందరపడిందో తేల్చడానికి పనికిరాదు. పూసను పక్కన పెట్టేశాను.

జూన్ మొదట్లో

ఇప్పుడు బెల్టు. సాగదీస్తే నిరోధం పెరిగే రబ్బరు తాడు ఆన్‌లైనులో తెప్పించి, టైలర్లు వాడే వెడల్పు ఎలాస్టిక్‌కి ముందువైపు కుట్టించాను. వెనక వెల్క్రో. ఛాతీ అడుగున, పక్కటెముకలు విచ్చుకునే చోట కట్టాలి. ఒత్తిడికి వోల్టేజి పుట్టించే పియెజో బెల్టులు ఇంకా చవక, గీత కూడా నీటుగా ఉంటుంది. కానీ పియెజో కదలికకే పలుకుతుంది. మనిషి నిండా పీల్చి అలాగే బిగపట్టి కూర్చుంటే ఆ గీత మెల్లగా సున్నాకి జారిపోతుంది. బిగపట్టిన ఊపిరి ఖాళీ ఛాతీలా కనిపిస్తే నాకు పనికిరాదు.

రబ్బరు తాడుకీ ఒక గుణముంది. కట్టిన మొదటి నిమిషాల్లో అది తనంతట తాను సాగుతుంది, గీత కిందికి జారుతుంది. అందుకని కట్టాక కాసేపు కబుర్లు చెప్పి, తర్వాతే రికార్డు మొదలుపెడుతున్నాను. మిగిలిన జారుడును ఫిల్టరుతో తీసేస్తున్నాను. ఫిల్టరును గీత మీద ఒకసారి ముందు నుంచి వెనక్కి, ఒకసారి వెనక నుంచి ముందుకి నడపాలి. ఒక్కవైపే నడిపితే ఫిల్టరే ఊపిరిని దాని చోటు నుంచి జరిపేస్తుంది.

ఆర్ శిఖరాలు వెతకడానికి పాన్, టాంప్కిన్స్ 1985లో ఇచ్చిన పద్ధతే. 5 నుంచి 15 హెర్ట్జ్ మధ్య భాగాన్ని ఉంచుకోవడం, వాలు తీయడం, వర్గం చేయడం, 150 మిల్లీసెకన్ల కిటికీలో సగటు. నలభై ఏళ్ల నాటిదైనా ఇప్పటికీ నమ్మకస్థురాలు. దాని మీద నేను కలిపింది ఒక్కటే: పక్కవాటికంటే ఐదో వంతుకు మించి తేడా ఉన్న ప్రతి విరామాన్ని (రెండు ఆర్ శిఖరాల మధ్య కాలాన్ని) కోడు ఎర్రగా గుర్తుపెడుతుంది, దాన్ని నేను కళ్లతో చూస్తాను. అప్పుడప్పుడూ అందరికీ ఒక దెబ్బ ముందే పడి, తర్వాత పెద్ద విరామం వస్తుంటుంది. అది గుండెను నిదానింపజేసే వేగస్ నరం పని కాదు. దాన్ని లెక్కలోంచి తీయకపోతే ఆ ఒక్క దెబ్బే మొత్తం జవాబును మింగేస్తుంది.

జూన్ మధ్య

రెండు గీతలూ ఒకే తెర మీద వచ్చాయి. ఐదు సెకన్లు పీల్చడం, ఐదు సెకన్లు వదలడం, నా మీదే. ఒక ఊపిరిలోని విరామాలు, సెకన్లలో, ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

పీలుస్తున్నప్పుడు: 0.90, 0.84, 0.79, 0.76, 0.75, 0.76.

వదులుతున్నప్పుడు: 0.78, 0.82, 0.88, 0.93, 0.96, 0.95.

60ని విరామంతో భాగిస్తే నిమిషానికి వేగం. 0.75 అంటే 80. 0.96 అంటే 62.5. పది సెకన్లలో గుండె 80కి ఎక్కి 62కి దిగింది, నేను కుర్చీలోంచి కదలకుండానే. ఈ అంకెల్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరడం లేదు. లోపల ఒక నరం ఒక్కో దెబ్బకి ఒక్కో నిర్ణయం తీసుకుంటోంది, దాని దస్తూరీ ఇది.

ఆ నరం వేగస్. మెదడు అడుగు నుంచి మెడ గుండా గుండెకు దిగుతుంది. గుండెకు నరాలేవీ లేకపోతే, యువకుల్లో అది తనంతట తాను నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మనం తీరికగా కూర్చున్నప్పుడు 70లో ఉంటున్నామంటే వేగస్ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచినట్టు లెక్క. ఊపిరి పీల్చేటప్పుడు మెదడు అడుగున శ్వాసను నడిపే కణాలు వేగస్ కణాల నోరు నొక్కుతాయి, బ్రేకు వదులవుతుంది. వదిలేటప్పుడు మళ్లీ పడుతుంది. ఊపిరితిత్తులు సాగినట్టు అక్కడి నరాలు పంపే కబురు, ఛాతీలో ఒత్తిడి తగ్గి గుండెకు వచ్చే రక్తం పెరగడం, దాంతో రక్తపోటులో వచ్చే చిన్న అల, ఇవన్నీ దీనికి తోడవుతాయి. ఎవరి వాటా ఎంతన్న దాని మీద శరీరశాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఇది గుండెను తొందరపెట్టే సింపథెటిక్ నరాల పని ఎందుకు కాదంటే, వాటికి అంత చురుకు లేదు. వేగస్ వదిలే ఎసిటైల్‌కొలీన్ సెకనులోపే గుండె మీద పనిచేసి, అంతే త్వరగా విరిగిపోతుంది. సింపథెటిక్ నరాలు వదిలే నారడ్రినలిన్ ప్రభావం కనిపించడానికే కొన్ని సెకన్లు పడుతుంది. మామూలు ఊపిరిని అది అందుకోలేదు. అట్రోపిన్ ఇచ్చి వేగస్ సందేశాన్ని ఆపితే ఈ అల మాయమవుతుంది. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లలోనూ అంతే. నరాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి గుండె విశ్రాంతిలోనూ వేగంగా, గడియారంలా కొట్టుకుంటుంది. పీల్చినప్పుడు గుండె గది గోడ సాగడం వల్ల వచ్చే పిసరంత అల మాత్రం మిగులుతుంది.

జూన్ ఆఖరు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇది. ఒకే మనిషి, ఒకే కుర్చీ, ఒకే సాయంత్రం. చిన్న ఎల్‌ఈడీ వెలిగితే పీల్చాలి, ఆరితే వదలాలి. ముందు నిమిషానికి 15 ఊపిర్లు, తర్వాత 10, తర్వాత 6. మధ్యలో విశ్రాంతి.

15 దగ్గర గుండె ఎక్కువ వేగానికీ తక్కువ వేగానికీ తేడా నిమిషానికి 6. 10 దగ్గర 11. 6 దగ్గర 17.

గుండె అదే, నరాలూ అవే. నా ఆరోగ్యం ఆ గంటలో మూడింతలు కాలేదు. ఊపిరి వేగం ఒక్కటే మారింది. 1981లో హిర్ష్, బిషప్ ఇదే విషయాన్ని చక్కగా కొలిచి చూపించారు: ఊపిరి నిదానించేకొద్దీ ఈ అల పెరుగుతుంది, దాదాపు నిమిషానికి ఆరు దాకా. ఊపిరి లోతు పెరిగినా పెరుగుతుంది. పది సెకన్లకో అల అన్నది రక్తపోటును సరిదిద్దే బారోరిఫ్లెక్స్‌కి సహజమైన లయ కూడా కావడంతో అక్కడ రెండూ కలిసి ఉయ్యాల ఊపుతాయి.

ఇప్పుడు చాలా చేతి గడియారాలు హెచ్‌ఆర్‌వీ అని, అంటే దెబ్బల మధ్య విరామాల హెచ్చుతగ్గులకి, ఒక అంకె చూపిస్తున్నాయి. నిన్న 48, ఇవాళ 31, ఒత్తిడి పెరిగింది అని హెచ్చరిక. ఆ అంకె వెనక ఊపిరి ఎంత వేగంగా, ఎంత లోతుగా ఉందో ఆ అంకె ఒక్కటే చూస్తే తెలియదు. ముక్కు దిబ్బడేసి పైపైన ఊపిరి తీసిన రాత్రికీ, నిజంగా నరాలు అలసిన రాత్రికీ తేడా ఎలా తెలుస్తుంది?

దీనికంటే చిక్కైన సంగతి ఇంకొకటి ఉంది. 1996లో ఐరోపా, ఉత్తర అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి ఈ కొలతలకు ప్రమాణాలు రాశాయి. అందులో 0.15 నుంచి 0.40 హెర్ట్జ్ దాకా ఎక్కువ పౌనఃపున్యం పట్టీ, 0.04 నుంచి 0.15 దాకా తక్కువ పౌనఃపున్యం పట్టీ. మొదటిది వేగస్ పని అని, రెండోది పెరిగితే సింపథెటిక్ ఉద్రేకం అని జనంలో స్థిరపడిపోయింది. నిమిషానికి 15 ఊపిర్లంటే 0.25 హెర్ట్జ్, మొదటి పట్టీలో ఉంటుంది. నిమిషానికి 6 అంటే 0.1 హెర్ట్జ్. కళ్లు మూసుకుని ప్రశాంతంగా, నిదానంగా ఊపిరి తీస్తున్న మనిషి వేగస్ అల మొత్తం రెండో పట్టీలోకి దిగిపోతుంది. ఊపిరి గీత లేని యంత్రం అతన్ని ఆందోళనలో ఉన్నాడంటుంది! ఊపిరి గీత పక్కన లేకుండా గుండె గీతకు అర్థం చెప్పకూడదని నేను అంటున్నది ఇందుకే. ఇకనుంచి నా కోడులో ఊపిరి ఫైలు లేకపోతే ఫలితం అచ్చుకాదు. అలాగే రాశాను.

జూలై మొదటి వారం

పూజ గదిలో అమ్మ విష్ణు సహస్రనామం చదువుతుంటే బెల్టు కట్టనిమ్మని అడిగాను. "చదువుతుండగా మాట్లాడించకు, అంతే" అంది. సగం శ్లోకానికి ఒక ఊపిరి, నిమిషానికి ఎనిమిదికి అటూ ఇటూ. పీల్చడం చటుక్కున, వదలడం పొడుగ్గా. ముందు కూర్చుని మామూలుగా ఊపిరి తీసినప్పుడు కనీకనిపించని గుండె అల, పారాయణం సాగుతుంటే దిద్దినట్టు లేచింది. 2001లో ఇటలీలో బెర్నార్డీ బృందం లాటిన్‌లో జపమాల ప్రార్థననీ, ఒక యోగ మంత్రాన్నీ పక్కపక్కన కొలిచింది. రెండూ ఊపిరిని నిమిషానికి దాదాపు ఆరుకు దించాయి, రెండింటిలోనూ గుండె అల పెరిగింది.

మన దేశంలోనే జరిగిన ఇంకో కొలతని ఇక్కడ తలుచుకోవాలి. గుండెను ఆపగలమని చెప్పిన యోగుల్ని వెంగర్, బాగ్చీ, ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన ఆనంద్ ఈసీజీ పెట్టి పరీక్షించి 1961లో ప్రచురించారు. మణికట్టు దగ్గర నాడి అందలేదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. ఊపిరి బిగబట్టి ఛాతీ, పొట్ట కండరాల్ని గట్టిగా బిగిస్తే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది, నాడి సన్నబడిపోతుంది. ఆ సాధకుల పట్టును ఇది తక్కువ చేయదు. ఊపిరితో గుండెను ఎంత దూరం నడిపించవచ్చో అంత సూటిగా చూపించిన ప్రయోగాలు తక్కువ.

జూలై రెండో వారం

మామయ్య వచ్చారు. భోజనమై మూడు గంటలు దాటాక, కాఫీ ఇవ్వకుండా, పడుకోబెట్టి పది నిమిషాలు ఆగి మొదలుపెట్టాను.

"మామయ్యా, దీపం వెలిగినంతసేపూ పీల్చండి, ఆరితే వదలండి. బిగబట్టకండి."

"అదెంత పని, రోజూ వాకింగుకు వెళ్లేవాణ్ణి" అన్నారు.

ఊపిరి గీత నా గీతకంటే ఎత్తుగా వచ్చింది, ఒక్క ఊపిరీ తప్పకుండా దీపంతో పాటు. దాని కింద గుండె గీత: 0.73, 0.72, 0.72, 0.71, 0.71, 0.71, 0.72, 0.72, 0.73, 0.73, 0.74, 0.74, 0.73, 0.73. నిమిషానికి 84.5 నుంచి 81కి. తేడా మూడున్నర.

ఎడిన్‌బరోలో ఈవింగ్, క్లార్క్ 1982లో స్థిరపరిచిన లెక్క ప్రకారం, నిమిషానికి ఆరు ఊపిర్లు తీసినప్పుడు ఎక్కువ వేగానికీ తక్కువ వేగానికీ తేడా 15 లేదా అంతకు మించి ఉంటే మామూలు. 11 నుంచి 14 సరిహద్దు. 10 లేదా అంతకు తక్కువైతే తేడా ఉన్నట్టు. ఆ గీటురాయి అన్ని వయసులకూ ఒకటే. వయసుతో ఈ అల ఎలాగూ తగ్గుతుంది కాబట్టి అరవై దాటినవాళ్లకు వయసును బట్టి హద్దులు చూసుకోవాలి. అలా చూసినా మూడున్నర తక్కువే.

ఊపిరి గీత విలువ అప్పుడు ఇంకా బాగా తెలిసింది. అది లేకపోతే "ఆయన సరిగ్గా పీల్చలేదేమో" అన్న అనుమానం ఎప్పటికీ తీరదు. మామయ్య ఊపిరి నిండుగా ఉంది, లయ తప్పలేదు, గుండె మాత్రం దాన్ని వినలేదు.

అయినా అక్కడితో తీర్పు చెప్పడానికి లేదు. ఆయన మందుల చీటీ అడిగి చూశాను. అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వాడుతున్నారు. ఆ నొప్పికి అది చాలామందికి రాసే మందే, మంచి మందే. దానికి ఎసిటైల్‌కొలీన్‌ను అడ్డుకునే గుణం కూడా ఉంది. అంటే వేగస్ నరం బాగానే ఉన్నా, దాని కబురు గుండెకు కొంత అందకుండా ఆ మందే చేయగలదు. మూడున్నరలో షుగరు వాటా ఎంత, మందు వాటా ఎంత అన్నది నా పెట్టె చెప్పలేదు.

రెండు గీతలూ ఒకే కాగితం మీద అచ్చువేసి, మందుల చీటీతో పాటు డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన గీతల్ని శ్రద్ధగా చూసి, తన దగ్గరున్న యంత్రం మీద మళ్లీ చేయించారు. పడుకున్నప్పుడు, నిలబడ్డాక మూడు నిమిషాల లోపు బీపీ చూశారు. నిలబడగానే పై అంకె 20కి మించి పడింది. ఊపిరి పరీక్షలోనూ తక్కువే వచ్చింది. మందులు ఏవి మార్చాలో ఆయన చూసుకుంటున్నారు. మామయ్యకు చెప్పింది: మంచం దిగేముందు అంచున కూర్చుని కాసేపు ఆగాలి. ఏ ఆపరేషనుకైనా ముందు మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. ఛాతీలో నొప్పి లేకపోయినా కొత్తగా ఆయాసం, చెమటలు వస్తే ఆలస్యం చేయకుండా రావాలి, ఎందుకంటే నరాలు దెబ్బతిన్న గుండె నొప్పిని చెప్పకపోవచ్చు. ఇంట్లో షుగరున్నవాళ్లుంటే ఈ మూడు మాటలూ గుర్తుంచుకోండి.

జూలై ఆఖరు

నా దగ్గరున్న మనుషులు కొద్దిమందే. కోడు నమ్మదగిందో కాదో తేల్చడానికి ఫిజియోనెట్ అనే వెబ్‌సైటులో అందరికీ ఉచితంగా పెట్టిన రికార్డుల మీద నడిపాను. ఫాంటేజియా అన్న సంకలనంలో 21 నుంచి 34 ఏళ్ల వాళ్లు 20 మంది, 68 నుంచి 85 ఏళ్ల వాళ్లు 20 మంది ఉన్నారు. అందరూ ఆరోగ్యవంతులే. రెండు గంటలపాటు పడుకుని ఉండగా ఈసీజీ, ఊపిరి కలిపి తీశారు, సెకనుకు 250 నమూనాలు. కుర్రవాళ్ల గీతల్లో గుండె ఊపిరిని అడుగడుక్కీ అనుసరించడం కంటికే కనిపిస్తుంది. పెద్దవాళ్లలో అల చిన్నది, కొందరిలో వెతుక్కోవాలి. జబ్బు లేకుండానే వయసు ఇంత తగ్గిస్తుందని చూశాక, మామయ్య అంకెను ఆయన వయసువాళ్ల పక్కనే పెట్టి చూడాలన్న పట్టుదల నాకు ఇంకా పెరిగింది.

తర్వాత నిద్రలో ఊపిరి ఆగేవాళ్ల రికార్డులు. 2000లో ఒక పోటీ కోసం విడుదల చేసిన 70 రాత్రుల సంకలనం అది, సెకనుకు 100 నమూనాలు. కొన్నింటిలో ఊపిరి గీత కూడా ఉంది. వాటిలో ఒకదాన్ని తెరిచి ఊపిరి గీతను దాచిపెట్టి గుండె గీతను మాత్రమే మా విద్యార్థులకు చూపించాను. నిమిషానికోసారి కొండలా లేచి లోయలా పడుతోంది. "ఎంత హెచ్చుతగ్గులున్నాయి సార్, చాలా ఆరోగ్యంగా ఉన్నట్టుంది" అన్నారు. అప్పుడు ఊపిరి గీత తెరిచాను. ఊపిరి ఆగిపోయి గీత సాపుగా ఉంటుంది, గుండె నెమ్మదిస్తూ పోతుంది. గురకతో ఒక్కసారిగా ఊపిరి తిరిగి మొదలవుతుంది, గుండె ఎగిరిపడుతుంది. మళ్లీ ఆగుతుంది. రాత్రంతా అదే. 1984లో గిల్మినో బృందం ఈ చక్రాన్ని చూసే, గుండె గీతతోనే నిద్రలో ఊపిరి ఆగడాన్ని అనుమానించవచ్చని చెప్పింది.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ప్రశ్నలు ఆగలేదు. హెచ్చుతగ్గులు ఎక్కువైతే మంచిది, తక్కువైతే చెడ్డది అన్న సూత్రం ఇక్కడ బోర్లా పడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషను (గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు) ఉన్న మనిషిలో విరామాలు ఇష్టమొచ్చినట్టు మారతాయి, హెచ్‌ఆర్‌వీ అంకె ఆకాశానికి పోతుంది, వేగస్‌తో దానికి సంబంధం లేదు. గుండె బలహీనపడినవాళ్లలో కొందరికి ఊపిరి పెరుగుతూ పెరుగుతూ వచ్చి, తగ్గుతూ తగ్గుతూ పోయి, ఆగి, మళ్లీ మొదలయ్యే చెయిన్-స్టోక్స్ శ్వాస ఉంటుంది. 1818లో చెయిన్, 1854లో స్టోక్స్ రాసిపెట్టారు. అక్కడ కూడా గుండె గీతలో పెద్ద, నిదానమైన అల కనిపించవచ్చు. ఈ మూడింటినీ ఆరోగ్యం నుంచి విడదీయాలంటే పక్కన ఊపిరి ఉండాలి, ఈసీజీ ఆకారాన్నీ చూడాలి.

ఒక విద్యార్థిని పసిపిల్లల్ని ఇలా కొలవొచ్చా అని అడిగింది. మంచి ప్రశ్న. గుండె దెబ్బలే ఇక్కడ నమూనాలు. నిమిషానికి 60 కొట్టుకునే గుండె సెకనుకు ఒక్క నమూనా ఇస్తుంది, దానితో నిమిషానికి 30 ఊపిర్లకు మించిన అలను పట్టుకోలేం. పట్టుకున్నట్టు కనిపిస్తే అది దొంగ అల. పుట్టిన బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, గుండె 120 నుంచి 160. హద్దుకు దగ్గరగా వస్తుంది. అందుకే కోడులో ఒక కాపలా పెట్టాం: ఊపిరి వేగం గుండె వేగంలో సగం దాటిన చోట లెక్క ఆపేసి, ఆ ముక్కను బూడిద రంగులో చూపిస్తుంది. ఆ భాగం ఆ అమ్మాయే రాసింది.

ఆగస్టు

ఒక్క బెల్టు సరిపోవడం లేదు. మామయ్య పడుకున్నప్పుడు పొట్టతో ఊపిరి తీస్తారు, కూర్చుంటే ఛాతీతో. కోనో, మీడ్ 1967లోనే చూపించారు, ఛాతీ కదలికనీ పొట్ట కదలికనీ విడివిడిగా కొలిచి కలిపితేనే లోపలికెళ్లిన గాలి పరిమాణం తెలుస్తుందని. అందుకని బొడ్డు మీదుగా రెండో బెల్టు కుట్టిస్తున్నాం. లీటర్లలోకి మార్చడానికి 800 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సంచి ఒకటి. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, సంచి నిండా ఊది, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పీల్చాలి, కొద్ది ఊపిర్లు మాత్రమే. అదే సంచిలోంచి ఎక్కువసేపు పీలిస్తే కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది, గుండె వేగం దానికే మారిపోతుంది. రెండు బెల్టుల గీతల్ని ఏయే పాళ్లలో కలిపితే 800 వస్తుందో ప్రతి మనిషికీ, కూర్చున్నప్పుడు ఒకసారి, పడుకున్నప్పుడు ఒకసారి, తేల్చుకోవాలి.

ఇది కుదిరితే ఊపిరి లోతు కూడా అంకెగా చేతికొస్తుంది. అప్పుడు ఒక లీటరు గాలికి గుండె ఎంత కదిలిందో చెప్పవచ్చు. మామయ్యకు డాక్టరుగారు మందు మార్చాక మళ్లీ కొలుద్దామని ఆయనే అడిగారు. ఆ రోజుకి రెండు బెల్టులూ, కొత్త కోడూ సిద్ధంగా ఉండాలి. ఎలాస్టిక్ నిన్న టైలరుకి ఇచ్చాను.